చెప్పరు, చెప్పారు: వాదన పుస్తకాన్ని అచ్చుకిచ్చే ముందు ప్రెస్సు సేవపై సమీక్ష

సమీక్షకు తీసుకున్న పని ఇది: డెమ్మీ 1/8 సైజు (5.5×8.5 అంగుళాలు), 48 పేజీలు, లోపల సింగిల్ కలర్, పైన నాలుగు రంగుల అట్ట, సెంటర్ పిన్, 500 కాపీలు. విజయవాడలోనో హైదరాబాదులోనో, ఆ మాటకొస్తే ఏ జిల్లా కేంద్రంలోనైనా ప్రెస్సుల వీధికి వెళ్లి "చిన్న పుస్తకం వేయించాలి" అంటే దొరికే సేవ. శుభలేఖలు, బిల్లు బుక్కులు, స్కూలు డైరీలు వేసే చోటే దీన్నీ వేస్తారు. ముహూర్తాల మీదో, కులం మీదో, ఇంగ్లీషు మీడియం మీదో నలుగురూ అనుకుంటున్న మాటను కాదని వాదించే పుస్తకానికి ఆ సేవ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి లెక్క. వంటల పుస్తకానికి చక్కగా సరిపోయిన ప్రెస్సు దీనికీ సరిపోవాలని లేదు.

తీర్పు ముందే చెప్పుకుందాం. కాగితం, సిరా, మడత, పిన్ను, కటింగ్ వీటికి పదికి ఎనిమిది ఇవ్వొచ్చు. ఈ తరం ప్లేట్లతో (పేజీలు ఎక్కించి అచ్చు తీసే రేకులు), ఈ తరం యంత్రాలతో మసక అచ్చు పడటమే అరుదు. అక్షరం దగ్గరికొచ్చేసరికి నాలుగు కూడా ఎక్కువే. వాదన పుస్తకానికి ప్రాణం అక్షరం దగ్గరే ఉంటుంది.

కారణం తెలుగు క్రియలోనే ఉంది. "చెప్పరు" అంటే చెప్పబోరని. "చెప్పారు" అంటే చెప్పేశారని. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. నమ్మరు, నమ్మారు, మారరు, మారారు, దాచరు, దాచారు, ఆపరు, ఆపారు, ఒప్పరు, ఒప్పారు. "చదువుకున్నవాళ్లు దీన్ని నమ్మరు" అని రాసింది "నమ్మారు" అయి వస్తే వాక్యం ఎక్కడా కుంటదు, వ్యాకరణం పక్కాగా ఉంటుంది, రెండూ నిఘంటువుకు తెలిసిన మాటలే కాబట్టి స్పెల్ చెకర్ కూడా నోరెత్తదు. కథలో అయితే పాఠకుడు ముందు వెనక చూసి సర్దుకుంటాడు. వాదనలో పడితే ఎదుటివాడి చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

"లేని", "లోని" మరో జంట. "సాక్ష్యం లేని కథ" కాస్తా "సాక్ష్యంలోని కథ" అవుతుంది. పేజీలు కట్టే ఆపరేటరు ఖాళీ తీసేసి, ఏత్వం పక్కన ఓత్వం మీట నొక్కితే చాలు. ఇక "కాని" ఒక్కటే రెండు పనులు చేస్తుంది: "నిజం కాని మాట"లో కాదనడం, "నిజమే కాని" అన్నచోట మలుపు. మలుపుకు ఎప్పుడూ "కానీ" అని దీర్ఘంతో గానీ, "అయితే" అని గానీ రాసి, కాదనడానికి మాత్రమే "కాని"ని ఉంచుకుంటే సగం గొడవ వదులుతుంది. ఇది రాసేవాళ్లు చేసుకోవలసిన పని, ప్రెస్సు చేసి పెట్టేది కాదు.

అను, యూనికోడ్

ప్రెస్సులో అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "పేజీలు దేంట్లో కడతారు?" అని అడగాలి. చాలా డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టే) సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకరే. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షన్ లేదు. దాని మీద అను ఫాంట్లు. అనులో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క, ఒక్కో ముక్కా ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో గుర్తో కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. అందుకే అను లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

రాసేవాళ్లు ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో రాసి పంపుతారు, అందులో అక్షరం ఏ కంప్యూటర్లోనైనా అక్షరంగానే ఉంటుంది. సెంటర్లో దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు. తప్పులు పుట్టేది ఈ మెట్టు దగ్గరే, అవి పడే చోట్లూ దాదాపు ఎప్పుడూ అవే: క్రావడి, స్త్ర, ష్ట్ర, త్స్య లాంటి జంట వత్తులు, ఋత్వం, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించకుండా దాక్కునే విరామం, కొటేషన్ గుర్తులు, డాష్‌లు. మధ్యలో ఇంగ్లీషు పదం గానీ వెబ్ చిరునామా గానీ ఉంటే అదీ తెలుగు ముక్కల కిచిడీ అవుతుంది. కొటేషన్ గుర్తులు ఎగిరిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఎందుకో కాస్త కిందికి వెళ్లాక.

యూనికోడ్‌లోనే పేజీలు కట్టే చోటు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అక్కడికే వెళ్లాలి. ఇన్‌డిజైన్ అయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి. లేకపోతే వత్తులు కిందికి దిగకుండా పక్కకు వచ్చి నిలబడతాయి. డబ్బు పెట్టలేనివాళ్లు లిబ్రే ఆఫీసులో తామే కట్టుకోవచ్చు, తెలుగు అందులో సవ్యంగా కూర్చుంటుంది. ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు వగైరా, నోటో సెరిఫ్ తెలుగు ఇవన్నీ ఉచితం, అచ్చులో వాడుకోవడానికి అభ్యంతరం లేనివి. లోపలి పాఠానికి మండలి గానీ నోటో సెరిఫ్ గానీ బాగుంటుంది. గిడుగు, రామభద్ర శీర్షికలకు. రామభద్రతో పాఠమంతా వేస్తే పేజీ నల్లగా బరువెక్కి, ప్రతి వాక్యమూ అరుస్తున్నట్టుంటుంది. వాదన పుస్తకానికి ఆ అరుపు అసలే అక్కర్లేదు.

అక్షరం 11.5 లేదా 12 పాయింట్లు, వరుసకూ వరుసకూ 16.5 పాయింట్లు. ఇంగ్లీషుకు సరిపోయే 14 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఈ లెక్కన డెమ్మీ 1/8 పేజీకి 30 వరుసలు, సుమారు 210 మాటలు. 48 పేజీల్లో మొదటి నాలుగూ పోగా, అధ్యాయాల చివరి ఖాళీలు తీసేస్తే ఎనిమిదిన్నర వేల నుంచి తొమ్మిది వేల మాటలు పడతాయి. రెండువైపులా సమంగా జస్టిఫై చేస్తే పొడుగు తెలుగు మాటల మధ్య బొక్కలు పడతాయి. కుడి అంచు వదిలేసినా తప్పులేదు, ఆపరేటరు ఒప్పుకోకపోయినా సరే.

ఎదుటివాడి మాట ఎవరి నోట

కొటేషన్ల సంగతి. తెలుగు వాక్యంలో "అని", "అంటారు" చివర్న వస్తాయి. "వితంతువుకు మళ్లీ పెళ్లి చేస్తే వంశం నాశనమవుతుంది, శాస్త్రం ఒప్పుకోదు, ఊరు క్షమించదు అని వాళ్లు వాదించారు" అన్న వాక్యంలో "అని" దాకా వచ్చేవరకు అది రచయిత మాటో, అవతలివాళ్ల మాటో తెలియదు. కొటేషన్ గుర్తులుంటే మొదట్లోనే తెలుస్తుంది. కన్వర్టర్లో అవి పోతే వాక్యం మొత్తం రచయిత నెత్తినే పడుతుంది. ఆ వాక్యం పేజీ అడుగున మొదలై "అని" వెనక పేజీకి పోతే ఇక చెప్పక్కర్లేదు. ఎవరో ఆ ఒక్క పేజీ ఫొటో తీసి పంచుతారు, "చూడండి ఏం రాశాడో" అంటారు.

దీనికి ప్రెస్సులో మందు లేదు, రాతలోనే ఉంది. ఎదుటివాళ్ల మాట రెండు వరుసలు దాటితే వాక్యంలో కలపొద్దు. ముందు ఎవరిదో చెప్పి, కోలన్ పెట్టి, ఎడమ అంచు నుంచి పావు అంగుళం లోపలికి జరిపి, పాయింటు సైజు ఒకటి తగ్గించి విడి పేరాగా వేయించాలి. పేజీలు కట్టేటప్పుడు ఆ పేరా రెండు పేజీల్లోకి విరగకూడదని డీటీపీ కాగితం మీద రాసివ్వాలి. పేజీ కింద ఖాళీ మిగులుతుందని ఆపరేటరు అంటాడు. మిగలనివ్వండి.

ఇంకో తలనొప్పి, ఆపరేటరు మంచితనం. చేయి తిరిగిన ఆపరేటరు కొన్ని మాటల్ని చూడగానే "తప్పు" అనుకుని దిద్దేస్తాడు. తెలంగాణ నుడిలో "అంటరు", "చేస్తరు", "చెప్పిండ్రు" అని రాస్తే కోస్తా ఆపరేటరు చేతిలో అవి "అంటారు", "చేస్తారు", "చెప్పారు" అవుతాయి. ఆ నుడిలో రాయడమే రచయిత వాదనలో భాగం కావొచ్చు. గిడుగు రామమూర్తి 1919లో "తెలుగు" పత్రిక పెట్టి పోరాడింది జనం మాట్లాడే మాట కాగితం మీదికి రావాలనే కదా. అందుకని పని అప్పగించేటప్పుడు ఒక పేజీ వాడుక పట్టీ ఇవ్వాలి. మార్చకూడని రూపాలు, పేర్ల వర్తనులు, అంకెలు ఎలా వేయాలి, "కానీ/కాని" తేడా, ఇంతే. పేజీ దాటితే ఎవరూ చదవరు.

ప్రూఫు మూడుసార్లు చూడాలి. ప్రెస్సు ధరలో మామూలుగా రెండే ఉంటాయి, మూడోది ముందే మాట్లాడుకోవాలి. మొదటిసారి ఇద్దరు కూర్చోవాలి, ఒకరు మూలప్రతి బిగ్గరగా చదువుతుంటే రెండోవారు ప్రూఫు మీద వేలు కదుపుతూ రావాలి. చదివేవారు దీర్ఘాన్ని దీర్ఘంగా పలకాలి, కథ చెప్పినట్టు కాదు. అంతకుముందే మూలప్రతిలో కాదనే క్రియలన్నిటి కిందా ఎర్రగీత గీసి, పేరాకు ఎన్నో అంచులో అంకె వేసుకోవాలి. ప్రూఫులో ఆ అంకె తగ్గితే ఎక్కడో ఒక "రు" ముందు దీర్ఘం దూరినట్టు. యూనికోడ్ ఫైలైతే ఇది ఇంకా సులువు: "మ్మరు", "ప్పరు", "చరు" అని వెతికితే మూలప్రతిలో ఎన్నిసార్లు ఉందో, కట్టిన ఫైలులో ఎన్నిసార్లు ఉందో నిమిషంలో పోల్చొచ్చు. అను ఫైలులో ఈ వెసులుబాటు ఉండదు.

రెండోసారి అంతా చదవక్కర్లేదు. దిద్దిన వరుస, దాని పైది, కిందది. దిద్దుబాటు వల్ల మాటలు జరిగి కొత్త తప్పు పుట్టేది అక్కడే. మూడోసారి చూడవలసింది ప్లేటుకు వెళ్లే చివరి పీడీఎఫ్‌ను. చాలాచోట్ల దిద్దిన ఫైలు ఒకటి, ప్లేటుకు వెళ్లేది పాతది అవుతుంది. ఫైలు పేరులో తేదీ, ప్రూఫు నంబరు ఉండాలని పట్టుబట్టడం చాదస్తమేమీ కాదు. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపే ప్రూఫు మాత్రం వద్దు. 12 పాయింట్ల అక్షరం ఆ ఫొటోలో అలుక్కుపోతుంది, మొదట మాయమయ్యేది ఆ దీర్ఘమే. లేజర్ ప్రింటు తీసివ్వమనండి.

కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు అది మద్రాసులో అచ్చయ్యేది, ఆ తర్వాత రాజమండ్రిలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. ప్రూఫులు దూరం పంపి దిద్దుకున్నవాళ్లకు ఆ నిర్ణయం విడమరిచి చెప్పనక్కర్లేదు. ధర కొంత ఎక్కువైనా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ప్రెస్సే మేలు.

సేవలో అసలు లేనిది ఒకటుంది: ఎదురు చదివే మనిషి. ప్యాకేజీల్లో "ఎడిటింగ్" అని రాసి ఉన్నా అందులో దొరికేది అక్షరదోషాల సవరణ. వాదన ఎక్కడ కారుతోందో ఎవరూ చెప్పరు, అది వాళ్ల పని కాదు. పేజీలు కట్టకముందే ఈ లోటు మనం పూడ్చుకోవాలి. ఏ4 కాగితం మీద ఒకవైపే, వరుసల మధ్య రెట్టింపు ఖాళీతో, కుడివైపు రెండంగుళాల అంచు వదిలి ప్రింటు తీసి, మన మాట ఒప్పుకోని మనిషికి ఇవ్వాలి. "ఎలా ఉంది?" అని అడిగితే మర్యాదకు "బాగుంది" అంటారు. అడగవలసింది రెండే: "మీరు అనని మాట మీ పేరున ఎక్కడ రాశాను?", "మీ వాదనలో బలమైనదాన్ని ఎక్కడ వదిలేశాను?" అంచులో గీతలు పెడితే చాలు, వివరణ అక్కర్లేదు. మొదటి ప్రశ్నకు గీత పడ్డ ప్రతిచోటా మూలం తీసి చూసుకుని, వాళ్ల మాట వాళ్లన్నట్టే పెట్టాలి. రెండో దానికి పడ్డచోట ఒక పేరా పెరుగుతుంది, ఒక్కోసారి ఒక అధ్యాయమే పోతుంది. ప్లేటు తీశాక పోవడం కన్నా ఇది చౌక.

కాగితం, ఫారాలు, ఖర్చు ఎక్కడ పుడుతుంది

డెమ్మీ షీటు 18×23 అంగుళాలు. మూడు మడతలు పెడితే 8 ఆకులు, 16 పేజీలు. అదే ఒక ఫారం. అంచులు కోశాక పుస్తకం 5.5×8.5 అంగుళాలు. కాబట్టి పేజీలు ఎప్పుడూ 16 గుణిజాల్లో ఆలోచించాలి: 32, 48, 64. "50 పేజీలు వచ్చింది" అంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం, ఇంకో ప్లేటు. రెండు పేజీలు కోసేయడమే తెలివి, రాతకూ అది మంచిదే.

48 పేజీలు మూడు ఫారాలు. 500 కాపీలకు 1,500 షీట్లు, అంటే సరిగ్గా మూడు రీములు, తరుగుకు ఫారానికి ఇంకో 50 నుంచి 100 షీట్లు. ఫారానికి ముందో ప్లేటు వెనకో ప్లేటు చొప్పున ఆరు, అట్టకు రంగుకొకటి చొప్పున నాలుగు, మొత్తం పది ప్లేట్లు. ఒక్క కాపీ వేసినా వెయ్యి వేసినా ఆ పది ప్లేట్ల ఖర్చు, యంత్రం సర్దే ఖర్చు మారవు. 200 కాపీలకూ 500 కాపీలకూ మొత్తం బిల్లులో తేడా అనుకున్నంత ఉండకపోవడానికి కారణం ఇదే. కోట్ అడిగేటప్పుడు డీటీపీ, ప్లేట్లు, కాగితం, ప్రింటింగ్, బైండింగ్, పన్ను విడివిడిగా రాసివ్వమనాలి. "అంతా కలిపి ఇంత" అన్నచోట కాగితమే మొదట పల్చబడుతుంది.

కాగితం 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో చాలు (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, మ్యాప్‌లితో అంటే పుస్తకాలకు వాడే మామూలు కాగితం). 60 అయితే వెనక పేజీ అచ్చు ఇటు కనిపిస్తుంది, తెలుగు వత్తుల మధ్య ఆ నీడలు చదవనివ్వవు. మెరిసే తెలుపు కన్నా కాస్త పాలరంగు ఉన్నది కంటికి హాయి. అట్టకు 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. మడత దగ్గర ముందే క్రీజింగ్ (మడతకు గాడి) వేయకపోతే సిరా పగిలి తెల్లగీత పడుతుంది, ముదురు రంగు అట్టల మీద మరీను. ఈ కొలతలతో ఒక పుస్తకం బరువు 66 గ్రాములు వస్తుంది: లోపలి 24 ఆకులు 51, అట్ట 15. మొత్తం 500 కాపీలు 33 కిలోలు, ఆటోలో తెచ్చుకోవచ్చు.

బైండింగ్‌లో ఆశ పడేది వీపు దగ్గర. వీపు మీద పేరు కనిపించాలని 48 పేజీలకు పర్ఫెక్ట్ బైండింగ్ (వీపుకు జిగురు పెట్టి అట్ట అంటించడం) అడుగుతారు. 24 ఆకుల మందం రెండున్నర మిల్లీమీటర్లకు దాటదు. దాని మీద పేరు పట్టదు, జిగురుకు పట్టు దొరకదు, మూడోసారి తెరిస్తే ఆకులు చేతికొస్తాయి. 80 పేజీలు దాటేవరకు రెండు సెంటర్ పిన్నులే నయం. పిన్ను తుప్పు పట్టేది కావొద్దని చెప్పండి, కోస్తాలో రెండు వానాకాలాలకే ఎర్రమరక కాగితంలోకి దిగుతుంది.

పీడీఎఫ్ మనమే ఇచ్చేటట్టయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. వర్డ్ లాంటి వాటి నుంచి తీసిన పీడీఎఫ్‌లో నలుపు నిజానికి నలుపు ఒక్కటే కాదు. ప్లేట్లకు విడదీసేటప్పుడు అది నాలుగు రంగుల మిశ్రమమవుతుంది. సింగిల్ కలర్ పనిలో నల్ల ప్లేటు ఒక్కటే తీస్తే అక్షరం బూడిదరంగు చుక్కలుగా వస్తుంది. అట్ట మీద చిన్న అక్షరాలైతే రంగులు వెంట్రుకవాసి జరిగినా అంచులు రెండుగా కనిపిస్తాయి. పాఠం నూటికి నూరు నలుపులో ఉందో లేదో, ఫాంట్లు ఫైలులో కలిసి ఉన్నాయో లేదో ప్లేటుకు ముందు చూపించమనాలి. అది వాళ్ల కంప్యూటర్లో రెండు నిమిషాల పని.

డిజిటల్ ప్రింటింగ్ సంగతి వేరు. ప్లేట్లు లేవు కాబట్టి 50, 100 కాపీలకు అదే చౌక, సుమారు 200 నుంచి 300 కాపీల మధ్య ఎక్కడో ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ దానికన్నా చౌకవుతుంది. కొత్త వాదన ఎలా నిలబడుతుందో తెలియనప్పుడు 50 డిజిటల్ కాపీలు వేసి, నెలరోజులు తిప్పి, వచ్చిన అభ్యంతరాలతో పుస్తకం దిద్ది, ఆ తర్వాత ఆఫ్‌సెట్‌కు వెళ్లడం మంచి పద్ధతి. బెంగళూరు పోతి డాట్ కామ్ లాంటి చోట్ల పీడీఎఫ్ ఎక్కిస్తే ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒక్కో కాపీ వేస్తారు. విదేశాల్లో, ఇతర రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లకు చేరాలంటే సుఖమే గానీ కాపీ ఖర్చు ఎన్ని వేసినా పెద్దగా దిగదు, సభలో పదీ ఇరవై రూపాయలకు పంచే పుస్తకానికి అది కుదరదు. ఇక లక్షల్లో ప్యాకేజీలు చెప్పే ప్రచురణ సేవలతో సంతకం పెట్టేముందు చూడవలసినవి: హక్కులు ఎవరివి, కట్టిన ఫైలు మన చేతికిస్తారా, ధర ఎవరు నిర్ణయిస్తారు. రెండోదానికి "లేదు" అంటే రెండో ముద్రణ కూడా వాళ్ల దగ్గరే అన్నమాట.

చట్టం గురించి ప్రెస్సులో చెప్పేదాంట్లో సగం పాతది. ప్రతి పుస్తకం మీదా ముద్రించినవారి పేరు, స్థలం ఉండాలన్నది 1867 నాటి చట్టం. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అది పత్రికల గురించే, పుస్తకాలను వదిలేసింది. అయినా ప్రచురణకర్త, ముద్రాపకుల పేర్లు రెండో పేజీలో వేయండి. ఊరూ పేరూ లేని కాగితాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, పోస్టులో కూడా అది పనికొస్తుంది. ఎన్నికల వేళ మాత్రం సంగతి గట్టిది. అభ్యర్థికి మేలో కీడో చేసేలా ఉన్న కరపత్రమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద ఇద్దరి పేర్లు, చిరునామాలు తప్పనిసరి. ప్రచురణకర్త సంతకం చేసి, తనను తెలిసిన ఇద్దరి ధ్రువీకరణతో రెండు ప్రతుల్లో ప్రకటన ఇవ్వాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. షెడ్యూలు వచ్చాక వాదన పుస్తకం అనగానే ప్రెస్సులు ముఖం చాటేసేది ఇందుకే. ఆ రెండు నెలలు తప్పించుకుని పెట్టుకోండి. మిగతా రోజుల్లో చూసుకోవలసినవి భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం చెప్పే 356, మతభావాల గాయం చెప్పే 299 సెక్షన్లు. ఒక ఆచారాన్ని విమర్శించడం వేరు, ఫలానా మనిషి పేరు పెట్టి రుజువులేని ఆరోపణ వేయడం వేరు. రెండోది కనిపిస్తే ప్రెస్సు యజమాని పేజీ వెనక్కిచ్చాడని పిరికివాడు అనకూడదు.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఎవరికీ డబ్బు కట్టొద్దు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకుంటే ఉచితంగానే ఇస్తారు. అచ్చయిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలని 1954 చట్టం చెబుతోంది. చిన్న ప్రచురణకర్తలు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. వాదన పుస్తకానికి మాత్రం నాలుగు కాపీల ఖర్చుతో దొరికే భద్రమైన అల్మారా అది.

పంపకం విషయంలో ఈమధ్య వచ్చిన మంచి మార్పు, 2025 మేలో తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పైన పన్ను. వెళ్లేది నేలమార్గానే, ట్రాకింగ్ ఉంటుంది. పుస్తకం మీద ముద్రాపకుడో ప్రచురణకర్తో పేరు ఉండాలని అడుగుతారు, పైన చెప్పిన పేర్లు ఇక్కడ అక్కరకొస్తాయి. 66 గ్రాముల పుస్తకాలు నాలుగు కలిపితే 264, పల్చటి కవరుతో 300 దాటదు. ఒకటి పంపినా నాలుగు పంపినా అదే ధర కాబట్టి నలుగురికి ఒక్కో కట్ట పంపి, మిగతా మూడూ చేతులు మార్చమనడం లాభం. పుస్తకాల షాపులకు ఇస్తే నలభై శాతానికి తక్కువ కమిషన్ అడిగే పంపిణీదారు అరుదు. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఎవరి స్టాలులోనైనా ఓ మూల చోటు దొరికితే 500 కాపీల పుస్తకానికి అది చాలు.

తప్పు పడిపోయాక ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. మూడు ఫారాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పిన్ను కొడతారు కాబట్టి మొదటి ఫారంలో 1 నుంచి 8, 41 నుంచి 48 పేజీలు, రెండోదాంట్లో 9 నుంచి 16, 33 నుంచి 40, మూడోదాంట్లో 17 నుంచి 32 ఉంటాయి. 12వ పేజీలో "నమ్మరు" కాస్తా "నమ్మారు" అయితే రెండో ఫారం 500 షీట్లూ పోయినట్టే. కొత్త ప్లేటు ఒకటే కావాలి, ఆ పేజీ లేని వైపు ప్లేటు పాతదే వాడొచ్చు, దాన్ని పారేయొద్దని చెప్పి ఉంచాలి. అంత ఖర్చు వద్దనుకుంటే తప్పొప్పుల చీటీ. చివర్న అంటిస్తే ఎవరూ చూడరు కాబట్టి ఆ పేజీలోనే దూర్చాలి.

ఇంకో ఏర్పాటుకు చాలా ప్రెస్సులు అడిగితే ఒప్పుకుంటాయి, తమంతట తాము చెప్పవు. అట్టలతో సహా 500కూ అచ్చు వేయించి, పిన్ను మాత్రం 300కే కొట్టించండి. మిగతా 200 మడతపెట్టిన ఫారాలుగా, ప్లాస్టిక్ కవరు చుట్టి, నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టించుకోండి. పుస్తకానికి జవాబు వచ్చినప్పుడు ఆ జవాబునూ దానికి మీ సమాధానాన్నీ నాలుగు పేజీల్లో వేయించి, మూడో ఫారం మధ్యలో, అంటే 24, 25 పేజీల నడుమ పెట్టి ఆ 200కు అప్పుడు పిన్ను కొట్టించవచ్చు. చొప్పించిన నాలుగు పేజీలకు నంబర్లు వేయొద్దు, వేస్తే తర్వాతి పేజీల నంబర్లన్నీ తప్పుతాయి. అట్ట మీద "జవాబుతో కలిపి" అని చిన్న స్టిక్కరు చాలు.